ముందు నువ్వు తిను

మొన్న బుధవారం పొద్దున ఫ్లెక్సీ షాపాయన ఫోన్ చేసినాడు. "అన్నా, నీకొక ఫ్లెక్సీ ఉండాది. క్యారేజీ కూడు పంచే ట్రస్టోళ్ళది. బస్టాండు కాడ కట్టాలంట. బిన్నా, లేటు చెయ్యకుండా రా" అనేసి పెట్టేసినాడు.

నా బతుకే అది. ఒక ఆటో, ఆటో నెత్తిన మైకు, పక్కన కట్టిన నిచ్చెన. చిత్తూరులో ఎవురికి పెండ్లయినా, ఎవురు ఓట్లకు నిలబడినా, ఎవురు పోయినా ఊరికి చెప్పేది నా మైకు, స్తంభానికి కట్టేది నా చేతులు. ఎవురి ఫ్లెక్సీ, ఏం కథ అని అడిగే రకం కాదు నేను. పొయ్యి చుట్ట విప్పినా. సగం విప్పి మళ్ళా చుట్టేసినా.

దాంట్లో ఆయమ్మ ఉండాది.

మొగం చుట్టూ పూలదండ బొమ్మ, రెండు పక్కలా దీపాలు, పైన 'కన్నీటి నివాళి'. కింద సన్న అక్షరాలతో 'మా ఉచిత భోజనం అందుకున్న అనాథ వృద్ధురాలు' అని. అనాథంట! కూతురుండాది, అల్లుడుండాడు, మనవడుండాడు. వీధి వీధంతా ఆయమ్మ మాట లేనిదే చెయ్యి కడుక్కునేది గాదు. ఎవుడు రాసినాడో గాని, వాని నోట్లో మన్ను పడ.

"ఈ ఫోటో యాడిదప్పా?" అని అడిగినా.

"వాళ్ళే పంపినారన్నా. పాతదేదో దొరికిందంట. చేతిలో బియ్యం మూట ఉన్నింది. దాన్ని కోసేసి మొగం పెద్దది చేసినా" అన్నాడు షాపాయన. పెద్ద పనితనం మాదిరి నవ్వతాండాడు. ఆ ఫోటో ఏదో, దాని వెనకాల ఎంత కథ ఉండాదో ఈ ఊర్లో నాకు తెలిసినంత ఇంకెవురికీ తెలీదు.

ఆయమ్మ పేరు చెప్పను. పేరు చెప్పినా, ఫోటో చూపించినా ఒప్పుకునే మనిషి గాదు.

మూడేండ్ల కిందట ఆ ట్రస్టోళ్ళు నన్ను మాట్లాడుకున్నారు. అరవై దాటినోళ్ళు, ఇంట్లో వండి పెట్టే మనిషి లేనోళ్ళు పేరు రాయించుకుంటే చాలు, మధ్యాన్నం క్యారేజీలో అన్నం, పప్పు, చారు, ఒక కూర ఇంటి కాడికే తెచ్చిస్తారంట. ముందు మూడు దినాలు మైకులో చెప్పేది నా పని. తర్వాత ఆ క్యారేజీలు మోసేదీ నేనే. మంచి పనేనని ఒప్పుకున్నా. ఎవురో ఆడమనిషి తియ్యటి గొంతుతో మాట్లాడిన రికార్డింగు ఇచ్చినారు. దాన్ని పెట్టుకోని వీధి వీధీ తిరగతాండా.

ఆ వీధి సందులో ఆటోకు అడ్డంగా వచ్చి నిలబడింది ఆయమ్మ. బక్క మనిషి. అరచేతుల నిండా చింతపండు గుజ్జు. ఇంటి తిన్నె మీద కూచోని కూలికి చింతపండులో పిక్కలు తీసేది. వయసులో ఉన్నప్పుడు బంగారుపాళ్యం పక్క మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు చెక్కిన చేతులు అవి. సొనకు కాలీ కాలీ వేళ్ళ మీద గీతలే లేవు. రేషన్ మిషనులో బొటనేలు పెడితే ఒకసారికి తీసుకోదు. "మిషనుకు గూడా నా మీద అనుమానమేరా అబ్బోడా" అనేది.

"అది ఆపు" అనింది మైకు చూపించి. ఆపినా.

"ఎవురు పెడతాండారు?"

చెప్పినా.

"ఎందుకు పెడతాండారు?"

"పుణ్యానికి పెద్దమ్మా."

"ఎన్నాళ్ళు పెడతారు?"

అది నాకేం తెలుసు? "పెట్టినన్నాళ్ళు" అన్నా.

అడిగేటప్పుడు ఆయమ్మ నా మొగం జూడ్లే. హ్యాండిలు మీదుండే నా చేతులు చూస్తా అడిగింది. ఏందబ్బా ఈయమ్మ, దొంగను చూసినట్టు చేతులు చూస్తాది అనుకున్నా. "సరే, సూస్తాం. పో" అని పక్కకు జరిగింది. నా ఆటోకు దారి ఇచ్చేదానికి ఈమె ఎవురని ఒళ్ళు మండింది నాకు.

మూడు దినాలు అరిస్తే ఆ వీధిలో ఒక్కరంటే ఒక్కరు పేరు రాయించుకోలేదు. ట్రస్టు మేనేజరు నన్నే అనుమానించినాడు. "డీజిలు పోయించుకోని యాడన్నా నీడలో పండుకున్నావా ఏంది?" అన్నాడు. గొంతు పొయ్యేదాకా అరిచి వచ్చినోన్ని పట్టుకోని ఆ మాట. సరే, సంగతేందో తేల్చుకుందామని రేషనుకు నిలబడే దినం ఆడికి పోయి ఒక పక్కన కూచున్నా.

అప్పుడు తెలిసింది. కాయితం పంచినారు గదా, అది చదివే కండ్లు సగం మందికి లేవు. ఒక అవ్వ దాన్ని మడిచి వక్కాకు కట్టుకోనుండాది. ఫోన్లో మెసేజీ ఇచ్చినారంట, అది కోడలి ఫోనుకు పోయింది, కోడలు బెంగళూరులో ఉండాది. ఇంగ నా మైకు. దర్జీ సాయిబు అని ఒక పెద్దాయన, ఆయమ్మ ఇంటి వెనకాల ఒక్కడే ఉంటాడు. ఒక కన్నుకు పొర, చెవుడు గూడా. ఆయన నన్ను జూసి, "ఏం బేటా, ఈసారి ఎవురికి ఓటెయ్యమంటాండావు?" అన్నాడు. మూడు దినాలు నేను అరిచింది ఆయనకు ఓట్ల మాదిరి వినపడింది.

వీళ్ళందరూ ఏదైనా సంగతి తెలుసుకునేది ఒక్క ఆయమ్మ కాడ. పింఛను ఎప్పుడిస్తారు, కండ్ల డాక్టరు యాడికి వస్తాడు, గుళ్ళో ఏ దినం అన్నం పెడతారు, అన్నీ ఆమెనే అడగతారు. క్యారేజీ కూడు సంగతి ఏందని వాళ్ళు అడిగితే ఆమె ఎడం చెయ్యి బోర్లా పెట్టి గాలిలో రెండుసార్లు తట్టింది. "ఉండండి, సూస్తాం" అని. అంతే, అందరూ ఉండిపోయినారు.

ఓహో, ఇదా సంగతి అనుకున్నా. ఈమె ఏదో పార్టీ మనిషన్నా అయ్యుండాల, లేకుంటే కమీషను కోసం బిగించుకోని కూచోనుండాల. ఉచితంగా ఎవురూ ఎవురికీ అడ్డం పడరు గదా. క్యూలో నుంచి ఆమెను పక్కకు పిలిచి, "పెద్దమ్మా, నీకేమన్నా కావాలంటే చెప్పు. సార్‌తో నేను మాట్లాడతా" అన్నా.

ఆయమ్మ పకపకా నవ్వింది. "సూడు, నా మీద నీకు అనుమానం వచ్చింది గదా. నాకూ అదే అనుమానం నాయనా. మీకేం కావాల?"

మళ్ళా ఆమే అనింది, "రేపు ఒక డబ్బా తెచ్చి నా తిన్నె మీద పెట్టు. పేర్లూ గీర్లూ తర్వాత."

తెల్లారి మధ్యాన్నం క్యారేజీ తీసకపోతే తిన్నె చుట్టూ ఏడెనిమిది మంది ముసిలోళ్ళు కూచోనుండారు, పంచాయితీకి వచ్చినట్టు. ఆయమ్మ గిన్నెలు విప్పి ఒక్కొక్కటీ వాసన చూసింది. ఒక మెతుకు తీసి గోటితో నొక్కింది. నేను పోబోతాంటే, "యాడికి? కూచో. ముందు నువ్వు తిను" అనింది.

"నేనా? నేను తినొచ్చినా."

"రెండు ముద్దలు తిను. సస్తావా?"

నాకు రోషం వచ్చింది. "విషం కలిపినామనుకుంటాండావా పెద్దమ్మా?"

"మాకు విషం పెట్టేంత ఖర్చు ఎవురు పెడతారు నాయనా! కలుపుకోని తిను, నీ మొగం సూడాల."

అందరి ముందరా రెండు ముద్దలు తిన్నా. అన్నం కొంచెం పలుకుగా ఉన్నా, పప్పు బాగానే ఉన్నింది. ఆయమ్మ కన్నార్పకుండా నా నోరే చూస్తాండాది. తర్వాత తనూ రెండు ముద్దలు తినింది. మిగిలింది దర్జీ సాయిబుకు పంపించింది. "రేపు గూడా రా" అనింది.

అట్లా పదైదు దినాలు పైనే నడిచింది. రోజూ నేను రెండు ముద్దలు, ఆమె రెండు ముద్దలు, మిగిలింది ఆ పెద్దాయనకు. ఒక దినం చారు పులిసిపోయుండాది. నేను ఏమీ అనలేదు, గుటుక్కున మింగేసినా. మొగం దాచుకునేదానికి యాడ కుదురుతాది? ఆయమ్మ గిన్నె మూసేసి, "తీసకపో. వండినాయనకు చెప్పు, నువ్వు మింగలేకపోయినావని చెప్పు" అనింది. చెప్పినా. వంటాయన నన్ను తిట్టినాడు గాని, ఆ దినం నుంచి చారు తాజాగా కాస్తాండాడు. ఆ సంగతి అప్పటి మేనేజరుకు ఈ దినానికీ తెలీదు.

సరే, కూడు బాగుండాదని తేలింది. ఇంగ పేర్లు రాయించుకుందామని కాయితాలు తెచ్చినా. ఆధార్ జిరాక్సు ఒకటి, క్యారేజీ చేత్తో పట్టుకోని ఫోటో ఒకటి. ఫోటో అనే మాట వినగానే ఆయమ్మ తిన్నె మీద నుంచి లేచిపోయింది. ఆమె లేస్తానే అందరూ లేచినారు. నేను బతిమాలినా, మొత్తుకున్నా. మేనేజరేమో, "ఫోటో లేకుంటే డబ్బులిచ్చేవాళ్ళకు ఏం చూపించేదప్పా?" అంటాడు. రెండు పక్కలా మద్దెల మాదిరి అయిపోయింది నా పని. కడాకు ఒక దినం కోపం వచ్చి, "ఒక్క ఫోటో తీసుకుంటే నీ అందమేమన్నా కరిగిపోతాదా పెద్దమ్మా? దర్జీ తాత రెండు దినాలకొకసారి పొయ్యి ముట్టిస్తాండాడు. ఆయన కూడుకు నువ్వు అడ్డం" అని అరిచేసినా.

ఆయమ్మ తిట్టలేదు. చేతులు కడుక్కునింది. "లోపలికి రా" అనింది.

ఇల్లంటే ఒకటే గది, పైన రేకులు. రేకులు ఓటి పడినాయేమో, వాటి కింద ఒక పాత ఫ్లెక్సీ లాగి కట్టుండాది. అచ్చు ఉండే పక్క కిందికి. తలెత్తి చూస్తే ఆయమ్మే పైనుంచి మనల్ని చూస్తాండాది, చేతిలో బియ్యం మూట పెట్టుకోని. పక్కన ఎవురో తెల్లగుడ్డలాయన. ఆయన మొగం మాత్రం పొయ్యి పొగకు నల్లబారిపోయింది. 'నిరుపేద అనాథలకు బియ్యం పంపిణీ' అనే అక్షరాలు బాగా కనపడతాండాయి.

"ఒక మూట బియ్యం ఇచ్చి ఫోటో తీసినారు. ఎందుకని అడగలేదు నేను. అప్పటికి నాకు అడగడం రాదు" అనింది. "దీన్ని బస్టాండు కాడ కట్టినారు. నా కూతురి అత్త కోర్టు పని మీద ఐరాల నుంచి వచ్చి బస్సు దిగింది. ఎదురుగా నేను. ఇంటికి పొయ్యి నా బిడ్డను ఏమనిందో తెలుసా? మీయమ్మ ఊరి నడిమిద్దిలో నిలబడి అడుక్కుంటాండాది, పొయ్యి నాలుగు మెతుకులు ఏసి రాపో అనింది. ఆ దినం నుంచి నా బిడ్డ ఈ గడప తొక్కలే."

ఆయమ్మ మళ్ళా నా చేతులు చూసింది.

"కట్టింది ఎవురో తెలుసునా? నువ్వే. నిచ్చెన మీద ఉన్నావు. కింద నిలబడి, నాయనా, తీసెయ్ నాయనా అని మొక్కినా నీకు. ఏమన్నావో గుర్తుండాదా?"

నాకు గుర్తు లేదు. ఒట్టు, ఆ దినమే గుర్తు లేదు. ఎన్నో కట్టింటా, ఎంతమందినో కసిరింటా.

"ఉచితంగా తీసుకునేటప్పుడు తెలీలేదా అన్నావు" అనింది ఆయమ్మ. గొంతు పెంచలేదు. "గాలికి ఒక పక్క తెగింది. మిగిలిన తాళ్ళు నేనే కొడవలితో కోసి తెచ్చుకున్నా. ఊరు సూసింది సాలు, ఇంగ నేనే సూసుకుంటా అని ఈడ కట్టినా."

నాకు తల ఎత్తేదానికి మొగం చెల్లలేదు. ఎత్తితే పైన ఆమే ఉండాది, దించితే ఎదురుగా ఆమే. ఇన్ని దినాలు నా చేతులు ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది. "తెలిసి గూడా నన్ను ఎందుకు రానిచ్చినావు పెద్దమ్మా?" అన్నా.

"దర్జీ సాయిబుకు ఆకలి గదా" అనింది.

పొయ్యి మేనేజరు ముందర నిలబడినా. ఫోటో అడిగితే మైకూ వద్దు, మోతా వద్దు, ఇంకెవుర్నన్నా చూసుకోండి సార్ అన్నా. పేర్లు రాక ఆయనా తల పట్టుకోనుండాడు. "సరేప్పా, ఫోటో వద్దులే" అన్నాడు. ఆ మాట మోసకపొయ్యి చెప్తే ఆయమ్మకు చాల్లేదు. "నాకు చెప్తే ఏముండాది? ఆ మైకులో చెప్పు. ఆ తియ్యగొంతు గాదు, నీ గొంతుతో" అనింది. చెప్పినా. ఫోటో తీయం, ఫ్లెక్సీ కట్టం అని వీధిలో రెండు సుట్లు తిరిగినా. ఆయమ్మ ఆటో పక్కనే నడస్తా, "కట్టేవాన్ని నేనే, నేను కట్టను అని చెప్పు" అనింది. అదీ చెప్పినా. దర్జీ సాయిబు చెవి కాడికి మైకు తిప్పి ఇంకోసారి చెప్పించింది.

ఆ సాయంత్రానికి ఆ వీధిలో అందరూ పేర్లు రాయించుకున్నారు. ఆయమ్మ మాత్రం అందరికంటే వెనక, ఇంకో నెల ఆగి రాయించుకునింది. తర్వాత పక్క వీధులకు తనే నడిచి పొయ్యేది. పదకొండయినా కుక్కరు విజిలు వినపడని ఇల్లుంటే తలుపు తట్టి, "ఏమ్మా, వండినావా, వండలేదా?" అని అడిగేది. వాళ్ళు వండినామంటే నమ్మేది గాదు. లోపలికి పొయ్యి గిన్నె మూత తీసి చూసేది. ఎన్నిసార్లు తిట్లు తినిందో! నా మైకుకు రాని పేర్లన్నీ ఆ మూతలు తీసే తెచ్చింది ఆయమ్మ.

ఒకసారి నేనే అన్నా, "ఐరాలకు ఫోన్ చేసి చెప్తా పెద్దమ్మా. ఫ్లెక్సీ కోసింది నువ్వేనని చెప్తా" అని. ఆయమ్మ పిక్క తీసి గిన్నెలో ఏసి, "నా మాదిరి బిడ్డే గదా అది. నువ్వు చెప్తే నమ్ముతాదా?" అనింది. నేను చెయ్యలేదు. చేసుండాల్సింది. ఆ బాధ నాకు పోదు.

పోయిన ఆదివారం చింతపండు ముందరేసుకోని కూచున్న మనిషి కూచున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. నేను క్యారేజీ తీసకపొయ్యేలోపల అయిపోయింది.

మూడు దినాలకే ఈ ఫ్లెక్సీ. ఇప్పుడు మేనేజరు కొత్తాయన. ఫోన్ చేసి, "సార్, ఫోటో తీయం, ఫ్లెక్సీ కట్టం అని ఈ వీధికి మాటిచ్చినాము" అన్నా.

"అది బతికున్నప్పుడు గదప్పా. ఇప్పుడు గౌరవంగా ఏస్తాండాము" అన్నాడాయన.

"నేను కట్టను సార్."

"నువ్వు కాకుంటే ఇంకొకడు కడతాడు."

"కట్టించండి సార్. మాట తప్పినారని ఊరంతా మైకేసి చెప్పేది నేను" అన్నా. ఆయన ఆలోచిస్తాలే అని పెట్టేసినాడు. చుట్టను షాపులో ఉంచితే ఏం జేస్తారో అని అనుమానంతో ఆటోలోనే ఏసుకున్నా.

అదే తప్పయిపోయింది. గురువారం మధ్యాన్నం క్యారేజీలు తీసకపోతే ఎవురూ చెయ్యి చాపలేదు. అందరూ ఆయమ్మ తిన్నె చుట్టూ నిలబడి ఆటో వెనక కనపడతాండే ఫ్లెక్సీ చుట్టనే చూస్తాండారు. దర్జీ సాయిబు ముందుకొచ్చి తడిమి ఆ చుట్టను పట్టుకున్నాడు.

"ఇదేంది బేటా?"

అబద్ధం చెప్పలేకపోయినా. ఉన్నదంతా ఆయన చెవి కాడ గట్టిగా చెప్పినా.

"మైకులో ఏం చెప్పినావు నువ్వు?" అన్నాడు. ఒక అవ్వ తన క్యారేజీ ఆటోలో పెట్టేసి, "రేపు నేను సస్తే నన్నూ కడతారు. వద్దులే నాయనా" అని పోబోయింది. వంట చేసుకునే ఓపిక ఆమెకు లేదని నాకు తెలుసు.

చుట్ట చంకన పెట్టుకోని ఆయమ్మ ఇంట్లోకి పోయినా. చావు కబురు విని వచ్చిన కూతురు ఉండాది. ఆ పొద్దే మొదటిసారి తీరిగ్గా తల ఎత్తిందేమో, పైన చూస్తా నిలబడింది. తల్లి మాదిరే బక్క మనిషి.

"ఇది ఈడికి ఎట్లొచ్చింది?" అనింది.

"బస్టాండు కాడ కట్టింది నేనమ్మా. మీయమ్మ తీసెయ్యమని మొక్కింది. నేను తియ్యలే. కొడవలితో ఆమే కోసి తెచ్చుకునింది."

"ఇష్టపడి ఏయించుకునింది అనుకుంటిమే" అనింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోని గోడకు ఆనుకునింది. తర్వాత నా చంక చూసింది. "అదేంది?"

విప్పి చూపించినా. "కట్టనమ్మా. అడుగుదామని తెచ్చినా."

"కట్టవని నమ్మేదెట్లా?"

అచ్చం తల్లి గొంతే. కత్తిపీట తెచ్చి, కాలు కింద అదిమి పెట్టి, ఆ ఫ్లెక్సీని పేలికలు పేలికలుగా కోసింది. మొగం ఉన్న ముక్కను మాత్రం మడిచి బొడ్లో దోపుకునింది. మిగిలిన ముక్కలు ఎత్తకపొయ్యి బయట అందరి ముందరా పారేసింది. దర్జీ సాయిబు వంగి, ఒక ముక్కను మంచి కన్ను కాడికి తెచ్చుకోని చూసినాడు.

"ఇంగొకటి అచ్చేసి పెట్టుకోలేదని ఏం నమ్మకం?" అన్నాడు.

లేదని నాకు మాత్రం ఏం తెలుసు? క్యారేజీలు సల్లారిపోతాండాయి. ఎండ నెత్తిన కాలతాండాది. ఎవురూ కదలడం లేదు. ఆయమ్మ కూచునే చోట చింతపండు మరక ఇంకా అంటుకోనుండాది. ఆ పెద్దాయన ఒక క్యారేజీ తీసి ఆ మరక పక్కన పెట్టినాడు.

"కూచో. ముందు నువ్వు తిను."

కూచున్నా. చేతులు కడుక్కున్నా. అందరూ నా చేతులే చూస్తాండారు. ఒక ముద్ద తిన్నా. నీళ్ళు తాగి రెండోది కలుపుకున్నా. అది గూడా మింగినాక, దర్జీ సాయిబు తన క్యారేజీ తీసుకోని ఇంటికి పోయినాడు.